మా బావ బొక్కల పైపు

మా బావ ప్రహ్లాద్ ఎవరింటికి వెళ్ళినా చేతిలో ఒక బొక్కల పైపు పట్టుకుని వెళతాడు. పెళ్ళికైనా అదే, గృహప్రవేశానికైనా అదే, సత్యనారాయణ వ్రతానికైనా అదే. అడుగు పొడవు, లోపల చెయ్యి పట్టేంత వెడల్పు, తెల్లటి ప్లాస్టిక్ పైపు. కింది భాగానికి చుట్టూ బొక్కలుంటాయి, పై భాగం నున్నగా ఉంటుంది. కొత్త దంపతుల మీద అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు చేతిలో ఆ పైపు పెట్టి, "మడిల పెట్టుండ్రి" అంటాడు. చిక్కడపల్లిలో మూడో అంతస్తులో బాల్కనీకి రెండు కుండీలు తగిలించుకుని బతికేవాళ్ళకు మడి ఎక్కడి నుంచి వస్తుంది? "మాకు మడి లేదన్నా" అంటే, "ఉన్నోళ్ళు మీకు లేరా? వాళ్ళకియ్యుండ్రి" అంటాడు.

నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు చూడడానికి వచ్చినవాళ్ళంతా బత్తాయిలు తెచ్చారు. బావ పైపు తెచ్చాడు. నర్సు దాన్ని చూసి కంగారుపడింది.

"ఇది పేషెంట్‌కు ఎక్కడ పెట్టాలె సార్? డాక్టర్ గారు నాకేం చెప్పలే."

"పేషెంట్‌కు కాదమ్మా, మడికి. మీది ఏ ఊరు?"

ఆ తర్వాత పావుగంటలో నర్సు ఊరు, ఆమె తండ్రికి ఎంత భూమి ఉంది, నీళ్ళు బోరువా కాలువవా, మోటరు ఎన్ని గంటలు నడుస్తుంది, అన్నీ కనుక్కున్నాడు. కుట్లు వేసుకుని పడుకున్న నన్ను ఎలా ఉన్నావని అడగలేదు. డ్యూటీ అయ్యాక నర్సు పైపుతో వెళ్ళింది, బావ బత్తాయి తింటూ వెళ్ళాడు.

బావ అంటే మా అక్క విద్యావతి భర్త. బావను ఎగతాళి చేయడం బామ్మర్దికి పుట్టుకతో వచ్చే హక్కు. నేను బ్యాంకు ఉద్యోగిని కాబట్టి హక్కులను వాడకుండా పడెయ్యకూడదని నాకు తెలుసు.

ఇంతకీ ఆ పైపు దేనికంటే, వరి ఎప్పుడూ నీళ్ళల్లో నిలబడాలని మనమంతా అనుకుంటాం. అవసరం లేదట. పైన మడి ఆరినట్టు కనిపించినా, మట్టి కింద ఆరు ఇంచుల్లోపు నీళ్ళుంటే వేరు తాగుతూనే ఉంటుందట. మట్టి కింద ఏముందో కంటికి కనపడదు కాబట్టి బొక్కల పైపును మడిలో దింపి, లోపలి మట్టి తీసేసి, తొంగిచూడాలి. నీళ్ళు ఆరు ఇంచుల కిందికి పోయినప్పుడే మోటరు వెయ్యాలి. బోరు మిగులుతుంది, కరెంటు మిగులుతుంది, నిలవ నీళ్ళల్లో మట్టి కుళ్ళి పుట్టే పాడుగాలి తగ్గి ఎండలు కూడా కాస్త అదుపులో ఉంటాయి. ఇదంతా నేను చదివి తెలుసుకోలేదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చివరికి మంగలి షాపులో బావ పక్క కుర్చీలో కూర్చుని, తప్పించుకోలేక తెలుసుకున్నాను.

నవ్వొచ్చే విషయం ఏమిటంటే బావకు వరికంకికీ గరికకూ తేడా తెలియదు. వాళ్ళది తాతల కాలం నుంచి చిక్కడపల్లే. ఆ ఇంట్లో పండిన ఏకైక పంట తులసి, అది కూడా ప్రతి ఎండాకాలం ఎండిపోతుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర వాళ్ళకు పైపుల దుకాణం ఉంది. 'చుక్క కారదు' అని దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. పైపుకు బొక్క పడిందంటే ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు విలవిల్లాడే మనిషి.

అలాంటి దుకాణానికి ఒకరోజు వ్యవసాయ పరిశోధన చేసే ఒక మేడం వచ్చి, పైపు ముక్కలకు బొక్కలు కొట్టి ఇమ్మని అడిగింది. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"బొక్కలు మూయమంటే మూస్తనమ్మా. కొట్టుడు మా ఇంటావంటా లేదు" అన్నాడు బావ.

ఆమె నిదానంగా అంతా వివరించింది. బావ వింటూ వింటూ గల్లాపెట్టె వదిలి బయటికి వచ్చాడు. చివరికి ఒకే ప్రశ్న అడిగాడు.

"అంటే నేను తినే అన్నం కోసం ఎక్కడనో బోరు ఎండుతుందా?"

"అట్లనే అనుకోండి సార్."

ఆ రోజు భోజనం దగ్గర కంచంలో అన్నాన్ని కెలుకుతూ కూర్చున్నాడట. "తింటవా, దానితోని మాట్లాడుతవా?" అని అక్క కేకలేసింది. మర్నాటి నుంచి డ్రిల్లు మిషన్ మోత మొదలైంది. దుకాణంలో మిగిలిపోయిన ప్రతి పైపు ముక్కా బొక్కలతో తేలింది. పక్కనున్న బేకరీ ఆయన, ప్రహ్లాద్ గారు పిల్లనగ్రోవుల వ్యాపారం పెట్టాడని అందరికీ చెప్పాడు.

పైపులు తయారైతే చాలా, రైతులు కావాలి కదా. మా అశోక్‌నగర్‌లో రైతులు దొరకరు, కానీ రైతుల పిల్లలు కావలసినంత మంది దొరుకుతారు. గల్లీకి నాలుగు హాస్టళ్ళు, హాస్టల్ నిండా గ్రూప్స్ చదివే పిల్లలు. ప్రతి పిల్లవాడి వెనకా ఏదో ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంటుంది. బావ సాయంత్రం చాయ్ బండి దగ్గర సంచితో నిలబడేవాడు. అక్కడ అనుదీప్ అని ఒకడుండేవాడు. హాస్టల్ మొత్తంలో వ్యాసాలు వాడే బాగా రాస్తాడని పేరు.

"తమ్మీ, వరిల నీళ్ళు తక్కువ పెట్టుడు గురించి తెలుసా?"

"తెలుసు సార్. వాతావరణానికి తట్టుకునే సాగు. లక్ష్యాలు ఐదు, ప్రయోజనాలు ఏడు, సవాళ్ళు ఆరు, ముందున్న మార్గం, ముగింపు." చాయ్ చల్లారేలోపు వాడు ముగింపు దాకా అప్పజెప్పాడు. నిజంగానే బాగుంది.

"శభాష్. మరి మీ నాయన మడి ఆరబెడుతుండా?"

"మా నాయన సిలబస్‌ల లేడు సార్."

బావ వాడికి పైపు ఇచ్చాడు. వాడు దాన్ని పెన్నుల స్టాండు చేసుకున్నాడు. మిగతావాళ్ళు అంతకన్నా తెలివైనవాళ్ళు. ఒకడు బొక్కల్లో అగరొత్తులు గుచ్చాడు. ఇంకొకడు తాడు దూర్చి బనియన్లు ఆరేసుకున్నాడు. దసరా సెలవులకు పిల్లలు ఊళ్ళకు పోతుంటే బావ ఆటోల వెంటపడి మరీ పైపులు సంచుల్లో కుక్కాడు. సెలవులయ్యాక చూస్తే బస్‌స్టాప్ గోడ పక్కన తెల్లటి పైపులు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ ఏరుకొచ్చి కడిగి మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. వ్యవసాయాన్ని ఉద్ధరించాలని మన ఊళ్ళో అందరికీ ఉంటుంది, అది ప్రశ్నపత్రం దాటి ఇంటికి వస్తేనే ఇబ్బంది.

మొత్తం అశోక్‌నగర్‌లో ఆ పైపును నిజంగా ఊరికి తీసుకెళ్ళిన మనిషి సంధ్య ఒక్కతే. హాస్టల్ బాత్రూంలో నల్లా కారుతుంటే, ఓనర్ పట్టించుకోకపోతే, తనే వాషర్ కొనుక్కోవడానికి దుకాణానికి వచ్చింది. కారే నల్లాను చూసి ఊరుకోలేని పిల్ల అని బావ ముచ్చటపడి కుర్చీ వేశాడు. జనగామ అవతల ఊరు. తండ్రి లేడు. తల్లి పెంటమ్మ ఒక బోరు కింద ఎకరన్నర వరి పెడుతుంది. ఆ వడ్ల మీదే ఇల్లూ, ఈ పిల్ల హాస్టలూ రెండూ నడుస్తున్నాయి. సంధ్య పైపును రెండు చేతులతో తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఏ భాగం కింద పెట్టాలో అడిగింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బావకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వారం తిరక్కుండా దుకాణానికి ఫోన్ వచ్చింది. బావ చేతులకు పైపులు అతికించే జిగురు ఉంది కాబట్టి స్పీకర్ పెట్టాడు. దుకాణంలో నేనున్నాను, ఇద్దరు ప్లంబర్లు ఉన్నారు.

"పైపులాయన నువ్వేనా?"

"నేనేనమ్మా. పెంటమ్మ గారా? పెట్టిండ్రా? నీళ్ళు ఎంతదాక ఉన్నయ్?"

"నీళ్ళు దేవుడెరుగు. నీ పైపు మడిల పాతి, పసుపు కుంకుమ పెట్టి ఇంటికొచ్చిన. తెల్లారేసరికి ఊరంత నా మడికాడ ఉన్నరు. మా భూములకెళ్ళి రోడ్డు పోతదట. సర్కారోళ్ళు కొలతకు గుర్తు పాతిండ్రట. పక్క మడి ఓదెలు పైపు పీకి బాట మీద పారేసి నా మీదికి కొట్లాటకొచ్చిండు. ఎంతకమ్ముకున్నవు పెంటమ్మా అంటడు."

"అయ్యో. అది నీళ్ళు చూసే పైపని చెప్పాల్సింది."

"చెప్పిన. ఎవ్వరు నమ్ముతరు? మా దిక్కు పొలంల తెల్లది ఏది పాతినా సర్వేనే. పొద్దుగూకకముందే కార్లల్ల దళారులు వచ్చిండ్రు. ఎకరం ఎంత చెప్తవని ఒకడు, నీ మడి మూలకు పడ్డదా నడుమకు పడ్డదా అని ఒకడు."

ప్లంబర్లిద్దరూ గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. నేను తిరక్కుండానే నవ్వాను. ఆ మడికి ఎరువు సంగతి చెప్పడానికి, చీడ సంగతి చూడడానికి ఏళ్ళ తరబడి ఒక్క మనిషి రాలేదట. ఒక్క పైపు పాతగానే కార్లు వరసకట్టాయి. వ్యవసాయంలో కొత్త పద్ధతి అంటే జనం ఇలా కదలాలి మరి.

"ఒక్క మాట అడుగుత చెప్పు" అంది పెంటమ్మ. "నువ్వెన్ని ఎకరాలు జేస్తవయ్యా?"

"నాకు భూమి లేదమ్మా."

"మరి నా మడి ఎండితే నీకేం పోతది?"

బావ చేతులకేసి చూసుకున్నాడు. చేతికున్న జిగురు ఆరిపోతోంది.

"వచ్చే యాసంగి పంట చేతికి రాకుంటే నా బిడ్డ పుస్తకాలు మూటగట్టుకొని ఇంటికొచ్చుడే. పరీక్ష లేదు, ఏం లేదు. గందుకే మడి నిండ నీళ్ళు కనవడితెనే నాకు నిద్రవడతది. నీకైతే పైపు, నాకైతే పంట." అని ఫోన్ పెట్టేసింది.

అంతటితో బావకు పట్టిన పిచ్చి వదిలిందని అందరం అనుకున్నాం. అంబర్‌పేట్‌లో మా మేనత్త మనవరాలి గృహప్రవేశానికి స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇంటివాళ్ళు భయపడిపోయారు. "ప్రహ్లాద్ అన్నకు పానం మంచిగ లేదా?" అని నన్ను వంటింట్లోకి పిలిచి అడిగారు. షుగర్ చూపించమన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త దిగులే అనిపించింది. ఎగతాళి చెయ్యడానికి ఏమీ లేని బావ వల్ల బామ్మర్దికి ఉపయోగం ఏముంది?

నా దిగులు చలికాలం దాకానే. ఒక ఉదయం అక్క ఇంటి ముందు ట్రాలీ ఆటో నిండా నల్లమట్టి దిగింది. కూలీలు సంచులు భుజాన వేసుకుని డాబా ఎక్కుతున్నారు.

"పైన ఏం కడుతున్నరు సార్?" అడిగాడు ఒక కూలీ రొప్పుతూ.

"మడి" అన్నాడు బావ.

డాబా మీద టార్పాలిన్ పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి, మట్టి పోసి, నీళ్ళు పెట్టి తొక్కాడు. విత్తనపు వడ్లు ఎవరో బస్సులో పంపించారు. ఎవరని అడిగితే చెప్పలేదు. నారు పోశాడు, పెరిగాక లుంగీ ఎగ్గట్టి నాటు కూడా తనే వేశాడు. గోడకు మేకులు దిగగొట్టేవాడిలా ఒక్కో మొక్కను బొటనవేలితో లోపలికి నొక్కాడు. నడుము పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు. గల్లీలో పిల్లలు 'డాబా పటేలు' అని పేరు పెట్టారు. మడి నడుమ, పసుపు కుంకుమ లేకుండా, ఒక బొక్కల పైపు నిలబడింది.

నాటు పడిన కొద్ది రోజులకే అక్క పడకగది కప్పు చెమ్మగిల్లింది. ఇంకొన్ని రోజులకు కారడం మొదలైంది. 'చుక్క కారదు' బోర్డు పెట్టుకున్న మనిషి పడకగదిలో టపటపమని చుక్కలు. అక్క కింద గిన్నె పెట్టి, మంచం హాల్లోకి జరిపింది. ఆమె సహనం చూసి నాకు ఆశ్చర్యమేసింది. సాధారణంగా బావ చెప్పులతో లోపలికి వస్తేనే ఇల్లు అదిరిపోయేలా అరిచే మనిషి, నెత్తి మీద బురదమడి పెట్టుకుని కూరగాయలు తరుగుతోంది. వెనక గది మాత్రం శుభ్రంగా సర్ది, కొత్త మంచం, ఒక టేబులు, టేబులు దీపం పెట్టింది.

"కారని గది అదొకటుంది కద, మీరు అండ్ల పండుకోవచ్చు కదక్కా?"

"వద్దు. ఎవరన్నా వస్తే ఉంటది" అంది, అంతకన్నా ఏమీ చెప్పలేదు.

తర్వాత బావ మడిని ఎండబెట్టడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళ డాబా మీద వడియాలు ఎండుతుంటే, ఈయన డాబా మీద వరి ఎండుతోంది. మట్టి నెర్రెలు వాసింది. పక్కింటాయన గోడ మీంచి తలపెట్టి, "అన్నా, ఎండిపోతుంది, బకెట్ నీళ్ళు పొయ్యమంటవా?" అని అడిగితే, "ముట్టకు, చూస్తున్న" అన్నాడు. మన బావ పైపులోకి ఒంటికన్నుతో చూడడం, కొలకర్ర దింపడం, తర్వాత వాటర్ ట్యాంక్ వెనక్కి వెళ్ళి ఎవరికో ఫోన్ చేయడం రోజూ జరిగే తంతు. ఒకరోజు నా చెవిన పడింది.

"నాది నెర్రెలు వాసింది. అయినా పచ్చగనే ఉంది. నీకేం కాదు. ఇంక రెండు దినాలు మోటర్ బంద్ పెట్టు."

"ఎవరితోని బావా?"

"ఒక చుట్టం."

మా చుట్టాల్లో మోటరు బంద్ పెట్టించుకునేవాళ్ళు ఎవరున్నారో నాకు అర్థం కాలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో మా అమ్మాయి నాగశ్రీ పెళ్ళి వచ్చింది. నారాయణగూడలో ఫంక్షన్ హాలు, పగటి ముహూర్తం. మేనమామ స్థానం తర్వాత ఇంట్లో పెద్ద అల్లుడి స్థానం బావదే. ఆయన మాత్రం లేడు. అక్కను అడిగితే, "డాబా దిగుతలేడు" అంది. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు ఊడిపడ్డాడు. పట్టుపంచె అంచుకు బురద. చేతిలో పైపు లేదు. దాని బదులు ఒక తెల్లటి కంకి పట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని మండపం పక్కనే తిరుగుతున్నాడు.

పంతులు గారు చెయ్యి ఎత్తారు. గట్టిమేళం మొదలైంది. ఆ మోతలో అవతలివాళ్ళకు వినపడక బావ గొంతు పెంచాడు. మేళం ఇంకా పెరిగింది, బావ ఇంకా పెంచాడు. ఉన్నట్టుండి మేళం ఆగింది. బావ గొంతు ఆగలేదు.

"మోటర్ వెయ్యి. ఇప్పుడే వెయ్యి. ఆరబెట్టుడు బంద్. బోర్ల ఎంతుంటే అంత పొయ్యి. మడి నిండాలె."

అక్షింతలు పట్టుకున్న చేతులన్నీ గాల్లోనే ఉండిపోయాయి. వియ్యంకుడు నావైపు చూశాడు. "ఏ మోటర్ బావగారూ?" అని అడిగాడు. ఈలోగా హాలు వాచ్‌మన్, పెద్దమనిషెవరో అంత గట్టిగా ఆర్డరేశాడు కదా అని, వెళ్ళి హాలు మోటరు వేశాడు. ఆపమన్నవాళ్ళెవరూ లేరు. కాసేపటికి పైన ట్యాంకు నిండి, బంతి భోజనాల మీద ధారగా పడింది. మగపెళ్ళివారి పప్పులో నీళ్ళు, పట్టుచీరల మీద నీళ్ళు. బావ పరుగెత్తి మోటరు ఆపి, "ఎన్ని నీళ్ళు బేకార్ పోయినయ్" అని తల పట్టుకున్నాడు. పెళ్ళి పాడైనందుకు మాత్రం ఏమీ అనలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా బిడ్డ పెండ్లిల నీ మోటర్ లొల్లి ఏంది బావా? ఒక్క పూట నీ పైపులు బంద్ పెడితే కొంపలంటుకుంటయా?"

"తాలు పోయింది బామ్మర్దీ" అన్నాడు కంకి చూపిస్తూ. నలిపాడు. లోపల గింజ లేదు, పొట్టే రాలింది. "కంకి ఈనేటప్పుడు ఆరబెట్టద్దట. మేడం ముందే చెప్పింది, నేనే మరిచిపోయిన. సగం మడి తాలు పోయింది."

"నీ డాబా మీద సోలెడు వడ్లు రాకుంటే నా బిడ్డ పెండ్లి ఆగాల్నా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. పంట కోతలయ్యేదాకా మాటలు లేవు.

ఎండాకాలం నడుమ ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది. "జర వచ్చిపో, చుట్టాలొచ్చిండ్రు" అంది. వెళ్ళాను. డాబా మీద సంధ్య ఉంది. పక్కన నడివయసు ఆవిడ, తలమీద కొంగు, నడుము మీద చెయ్యి. వెనక గోడకు ఆనుకుని ఒకాయన తలవంచుకుని నిలబడ్డాడు. ఆవిడ బావ మడిని ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. సగం పండి, ఇంకా కొయ్యక బంగారు రంగులో నిలబడి ఉంది, సగం తెల్లగా తాలుపోయి ఉంది.

"ఇదేనా నీ ఎవుసం?" అంది పెంటమ్మ. "మా కోడి గీకినంత లేదు."

బావ సిగ్గుపడ్డాడు. నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

"మీ బావనే కద?" అంది నావైపు తిరిగి. "ఈయన మనిషా, పైపా? నీకేం పోతదని అడిగిన నాడు నోరు లేదు. నెల పోయినంక ఫోన్ చేసిండు. పెంటమ్మా, నీ వడ్లే నాకు పంపు, నీకన్న పది రోజులు ముందుగాల నేను నాటేస్త. ముందు నాది ఎండబెడ్త. నాది సస్తే నీకు చెప్త, నువ్వు నీళ్ళు పెట్టుకో. నాది బతికితెనే నువ్వు మోటర్ బంద్ పెట్టు అన్నడు. పొద్దున లేస్తే ఫోను. నాకు కొడుకులు లేరు గని, ఉన్నా గిన్నిసార్లు చెయ్యకపోదురు."

నేను బావ వైపు చూశాను. ఆయన పైపులోకి చూస్తున్నాడు, అక్కడ చూడడానికేమీ లేకపోయినా.

"నా మడి ఈనబట్టింది. ఆరబెట్టిన రెండో దినం. అప్పుడు ఈయన ఫోను. వెనక ఏవో డోళ్ళు, సన్నాయిలు. మోటర్ వెయ్యి అని ఒకటే మొత్తుకుంటుండు. ఉరికి వేసిన. ముందుగాల ఆరబెట్టిన దినాలల్ల బోర్ల మిగిలిన నీళ్ళు గప్పుడు అక్కరకొచ్చినయ్. ఇగో, ఈ ఓదెలు బోరు అప్పటికే గుటకలు మింగుతుంది."

గోడ దగ్గరున్న ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "నా మడికి సుత పెంటమ్మనే నీళ్ళిడిసింది" అన్నాడు నేలచూపులతో. "పైపు పీకింది నేనే సారూ."

"పంట ఎట్లొచ్చింది?" అడిగాడు బావ, గొంతులో ఆశ దాచుకోలేక.

"పోయినేడు ఎంతనో గంతే."

"ఎక్కువ రాలేదా?"

"ఎక్కువొస్తదని నువ్వు చెప్పలేదు గద. ఎండలె, గది చాలు. నా బిడ్డ పరీక్ష రాసింది. ఊళ్ళె సగం మంది మడులు ఎండినయ్."

సంధ్య పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. అయితే పుస్తకాలు మూట కట్టుకుని మాత్రం వెళ్ళలేదు. నేను మెల్లగా వంటింట్లోకి వెళ్ళాను. అక్క చాయ్ వడపోస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలవకుంటే ఆ బురదను నా నెత్తి మీద ఒక్క పూట ఉంచుతునా? పంట ఎండితే నీ బిడ్డ మా ఇంట్లనే ఉండి చదువుకుంటది అని ఆమెకు మాటిచ్చిండు. నన్ను అడిగినంకనే ఇచ్చిండు. వెనక గది గందుకే సర్దిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఎగతాళి చేయడం మానేస్తవని మీ బావ భయం. నువ్వు నవ్వకుంటే ఆయనకు తోచదు" అని చాయ్ గ్లాసులు నా చేతికిచ్చింది. ఆ రోజు ఆ గ్లాసులు డాబా మీదికి మోస్తుంటే నాకు మా బావ మీద పట్టరాని ప్రేమ కలిగింది. బయటపడకుండా జాగ్రత్తపడ్డాను.

పైకి వెళ్ళేసరికి బేరం నడుస్తోంది. ఓదెలుకు పైపు కావాలట. ఊళ్ళో ఇంకొందరికీ కావాలట.

"తెల్లది మాత్రం వద్దు సారూ. మళ్ళ దళారులు వస్తరు."

"నీలం ఉంది, బూడిద రంగుంది" అన్నాడు బావ, బట్టల కొట్టాయనలా. "ఏది చూపియ్యమంటవు?"

సాయంత్రం చాయ్ బండి దగ్గర అనుదీప్ కూడా దొరికాడు. వాడు సెలవులకు ఇంటికెళ్ళి వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది. "సార్, మా బోరు పోయింది. ఉన్న ఇంకో బోరన్నా కాపాడుకోవాలె. ఒక పైపిస్తరా?"

"మీ నాయన సిలబస్‌లకు వచ్చిండా?"

వాడు తలవంచుకుని నవ్వాడు. బావ మూడు పైపులిచ్చి, ఏ భాగం కింద పెట్టాలో చూపించాడు. లక్ష్యాలు, ప్రయోజనాలు వాడికి ఎలాగూ వచ్చు.

అక్క డాబా వడ్లు దంచితే సోలెడు బియ్యం వచ్చాయి. ఆ బియ్యంతో పరమాన్నం వండి గల్లీలో ఇంటికో చెంచా పంచింది. పడకగది కప్పు ఇంకా కారుతూనే ఉంది. 'చుక్క కారదు' బోర్డు ఇంకా అలాగే ఉంది.

పోయిన వారం బావ మా ఇంటికి వచ్చాడు. చేతిలో బూడిదరంగు పైపు, దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"మాకు మడి లేదు బావా" అన్నాను, అలవాటు ప్రకారం.

"నీకెవరిచ్చిండ్రు? ఇది నాగశ్రీకి. పెండ్లి నాడు ఆ హడావుడిల ఇయ్యనే లేదు."

ఆ పైపును అల్మారాలో పట్టుబట్టల పక్కన పెట్టాను. మొన్న అమ్మాయీ అల్లుడూ భోజనానికి వచ్చారు. పెట్టుబడి బట్టలతో పాటు ఆ పైపు కూడా పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మర్యాదస్తుడు. పైపును అటూ ఇటూ తిప్పి చూసి, ఒక బొక్కలోంచి నావైపు చూశాడు.

"ఇది ఏం చెయ్యాలె మామా?"

"మడిల పెట్టు" అన్నాను.

"మాకు మడి లేదు కద."

"ఉన్నోళ్ళు మీకు లేరా అల్లుడూ?" అని, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.